గెడ్డ సంరక్షణము: ఎగువ దిగువ గ్రామముల పొత్తు

నిమ్మాడ, కోటబొమ్మాళి, టెక్కలి ప్రాంతములందలి పట్టాదారు రైతులకు గెడ్డ యననేమో వివరింప నక్కఱలేదు. కొండలలో పుట్టి, చెఱువులను నింపి, మాగాణులను తడిపి, రహదారిని రైలుకట్టను దాటి, పర్రలమీదుగ సముద్రమును చేరు చిన్న యేఱే గెడ్డ. వంశధారకు గొట్టా బ్యారేజీయు, కాలువలును, వానిని కనిపెట్టు ఉద్యోగులును కలరు. గెడ్డకు అట్టి పరివారము లేదు. దాని యొడ్డున భూములున్న రైతులే దానికి దిక్కు. కాలువనీరు శివారునకు అందని యేట గెడ్డనీరే మడిని కాపాడును. తుపాను వచ్చిన యేట ఆ గెడ్డయే మడిని ముంచును. ఈ రెండు నొక్కచోటనుండియే పుట్టుచున్నవి గావున ముందుగ ఆ చోటును తెలిసికొనవలెను.

ఒక యెకరముపై ఒక అంగుళము వాన కురిసిన సుమారు 1 లక్ష లీటర్ల నీరగును. 500 ఎకరముల కొండవాలుపై ఒక రాత్రి 4 అంగుళములు కురిసినచో 20 కోట్ల లీటర్లు. ఇందులో ఎంత యింకునో, ఎంత పరుగిడునో నిర్ణయించునది వానకంటె నెక్కువగ నేల. గడ్డియు, రాలిన ఆకులును, పొదలును ఉన్న వాలుపై నీరు ఆగియాగి దిగును. దానిలో కొంత భూమిలో నింకి, వానలు వెలిసిన పిమ్మట ఊటగ మరల గెడ్డకే వచ్చును. నగ్నమైన వాలుపై పడిన నీరు గంటలో క్రిందికి దూకును. నీటి వేగము హెచ్చినకొలది అది మోయు మట్టియు హెచ్చును. ఆ మట్టి తిన్నని నేలకు వచ్చినంతట చెఱువు గర్భములోను, గెడ్డ అడుగునను దిగబడును. అందుచేత వరదయు, ఎద్దడియు, పూడికయు మూడు వేర్వేరు కష్టములు గావు.

కొండవాలు నగ్నమగుటకు కారణము లడిగిన, క్రిందివారు పోడు చేయువారిని, మేకల కాపరులను చూపుదురు. అందు కొంత సత్యము కలదు. కాని జీడిమామిడి తోటల మాట యెవరును ఎత్తరు. గింజలు రాలు కాలమునకు ముందు చెట్లక్రింద గడ్డిని పొదలను చెక్కి శుభ్రము చేయుట మన వాడుక. ఏరుకొనుటకు అది సుకరమే. వాలుభూమిలో అట్లు చెక్కిన నేల వేసవియంతయు ఎండి, మృగశిర కార్తె తొలివానకు పొడియై కొట్టుకొనిపోవును. చెట్టుక్రింద మాత్రమే చెక్కి, వరుసల నడుమ వాలునకు అడ్డముగ రెండు మూడడుగుల గడ్డిపట్టీని విడిచినచో గింజలును దక్కును, మన్నును దక్కును. ఇందుకు పైసా ఖర్చు లేదు.

ఇక గెడ్డ వెడల్పు సంగతి. ఇది చెప్పుటకును వినుటకును కష్టమైన విషయమే యైనను, దీనిని విడిచి తక్కిన దంతయు చెప్పుట వృథా. ఏటేట నాగలితో ఒక చాలు, గట్టుతో ఒక మూర చొప్పున గెడ్డ పోరంబోకు పొలములలో కలిసిపోవుచున్నది. కలుపుకొన్నవారు బీదలు మాత్రమే గారు. చాలచోట్ల గెడ్డయొడ్డున భూములున్న మనవంటి పట్టాదారులే. ఒక రైతు కలుపుకొన్నది ఐదు సెంట్లే కావచ్చును. ఎదుటి యొడ్డు రైతు మఱి యైదు సెంట్లు కలుపుకొనును. నలువది యడుగుల గెడ్డ పదునైదడుగు లగును. నీటికి మాత్రము నలువది యడుగులు కావలెను. అది తన చోటును దిగువవాని మడిలో వెదకికొనును. రహదారి, రైలుకట్టల క్రిందనున్న తూములకు తూటికాడ, గుఱ్ఱపుడెక్క, చెత్త అడ్డుపడినచో ఎగువనున్న పొలములు రోజుల తరబడి నీట నానును.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలు నేలకూలినవి. ఎగువ కురిసిన వానలకు నదులు, గెడ్డలు పొంగినవి. గాలిని నిలుపుట మనుష్యుల వశము గాదు. నీటికి దారి విడుచుట మన వశములోనిదే.

ఊరి నీటిని ఊరివారే కాపాడుకొను పద్ధతి క్రొత్తది గాదు. ఈ ప్రాంతము చెన్నపట్టణపు రాజధానిలో నుండిన కాలమున 1858వ సంవత్సరపు 1వ చట్టముచేత, వాడుక ప్రకారము చెఱువు కాలువ పనులకు రాని రైతు ఆ కూలికి రెండు రెట్లు చెల్లింపవలసియుండెను. కుడిమరామత్తను ఆ వాడుక చట్టమునకు ముందునుండియు ఉన్నదే. అందు నిర్బంధమును మెచ్చుకొనవలసిన పని లేదు. కూలివానిపై బరువు మోపి భూస్వామి గట్టున నిలుచుటయు కలదు. 1997లో ఆంధ్రప్రదేశ్ నీటిపారుదల వ్యవస్థల రైతుల యాజమాన్య చట్టము వచ్చి నీటి వినియోగదారుల సంఘము లేర్పడినవి. అది మేలైన చట్టమే. కాని దాని చూపు ఆయకట్టుమీద నుండును. నీరు పుట్టు వాలు ఆ సంఘపు హద్దునకు వెలుపల నుండును. 1995 నుండి అమలైన కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకసూత్రములు సుమారు 500 హెక్టారుల పరీవాహక క్షేత్రమును ఒక యూనిట్టుగ తీసికొని, అందు గ్రామస్థుల సంఘమును, వారి వంతు చందాను విధించినవి. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము జలాశయముల, వాగుల ఆక్రమణను నిషేధించినది. కాబట్టి చట్టములకు కొదువ లేదు. లేనిది ఎగువవానికిని దిగువవానికిని నడుమ ఒప్పందము.

ఈ ఒప్పందమేల కుదురదో ఆలోచింపుడు. కొండవాలుపై మేత మాని, పోడు తగ్గించి, కందకములు త్రవ్వవలసినవాడు ఎగువవాడు. అందువలన పూడిక తగ్గి, ఊట పెరిగి లాభపడువాడు దిగువ మాగాణి రైతు. ఒకని శ్రమ, మఱొకని ఫలము. ఇట్టి పొత్తు ఉపన్యాసములతో నిలువదు.

హర్యానాలోని సుఖోమాజ్రి యను శివాలిక్ కొండల గ్రామమున ఇదే చిక్కు కలిగెను. చండీగఢ్ నగరమున 1958లో నిర్మించిన సుఖ్నా సరస్సు వేగముగ పూడిపోవుచుండగా, మట్టి యెక్కడనుండి వచ్చుచున్నదో వెదకిరి. అది ఆ గ్రామపు పశువులు మేసి బోడిచేసిన కొండలనుండియు వచ్చుచుండెను. సరస్సు పట్టణమువారిది, మేత గ్రామమువారిది. మేపవలదనిన వారేల విందురు? పి. ఆర్. మిశ్రా యను మృత్తికా సంరక్షణ శాస్త్రజ్ఞుడు 1976లో ఆ గ్రామమునకే ఒక మట్టికట్టతో చిన్న చెఱువు గట్టించెను. ఆ నీటిలో ప్రతి కుటుంబమునకును, భూమిలేని వారికి సహితము, సమానమైన వంతు కల్పించిరి. భూమిలేనివాడు తన వంతును అమ్ముకొనవచ్చును. అంతట కొండపై మేతను గ్రామస్థులే మాన్పిరి. ముళ్ళకంచె అవసరము కాలేదు. కొండపై గడ్డి పెరిగెను. సరస్సునకు పోవు మట్టియు తగ్గెను.

మన గెడ్డలకును ఇదియే మార్గము. ఒక గెడ్డకు ఒక కూటము. అందు కొండదాపు గ్రామమునుండి పర్రదాపు గ్రామమువఱకు ప్రతి యూరినుండియు మనుష్యులుండవలెను. భూమిలేని కుటుంబములకును, పశువుల కాపరులకును, కొండపై నివసించు సవరలకును అందు నోరుండవలెను. చందా యెకరముల లెక్కను వేయుడు. అయితే దిగువ మాగాణికి హెచ్చుగను, ఎగువ మెట్టకు తక్కువగను. ఆ ధనములో పెద్దభాగము మొదట ఎగువనే ఖర్చు కావలెను: ఎగువ గ్రామమునకు ఒక చిన్న కుంట, పశువులకు నీటితొట్టి, కోసికొనుటకు గడ్డి, జీడిమొక్కలు. కొండ అడవిశాఖ వారిదైనచో వారి యనుమతి తీసికొని పని చేయవలెను. ఆక్రమణ విషయమున మొదట కూటపు పెద్దలే తమ గట్లను వెనుకకు జరుపుట మంచిది. సర్వేయరును పిలిపించి పాత హద్దులు చూపించిన పిమ్మట పెద్దరైతు తన మూర విడిచినచో చిన్నరైతు వాదింపడు; పెద్దరైతు విడువనిచో ఎవరును విడువరు.

పని పైనుండి క్రిందికి జరుగవలెను. యంత్రముతో చెఱువు పూడిక తీయించుట సులభము, చూచి మురియుటయు సులభము. ఎగువ నేల నట్లే యుంచినచో కొన్ని వర్షకాలములలోనే ఆ గొయ్యి మరల నిండును. మొదట వాలునకు అడ్డముగ, ఒకదాని నడిమికి మఱొకటి వచ్చునట్లు విడివిడి కందకములు త్రవ్వవలెను. కోతపడిన చిన్న దారులలో రాళ్ళకట్టలు రెండు మూడడుగుల యెత్తున పేర్చవలెను. కట్ట రెండు కొనలును ఒడ్డులోనికి చొచ్చియుండవలెను; నడిమిభాగము కొనలకంటె పల్లముగ నుండవలెను. నడుమ ఎత్తైనచో నీరు ప్రక్కలకు పోయి ఒడ్డును కోయును. చెడిపోయిన కట్టలలో చాలవఱకు ఇట్లే చెడినవి. దిగువ కట్ట తలయు, ఎగువ కట్ట పాదమును ఒకే మట్టమునకు వచ్చునంత దూరమున కట్టలు వేయవలెను. మైదానమున గెడ్డయొడ్డున వట్టివేరు, వెదురు నాటుడు. మొగలిపొదలు ఒడ్డును గట్టిగ పట్టును గాన వానిని నఱకరాదు. గెడ్డ నడుమకు ప్రాకిన కొమ్మలను మాత్రము తీసివేయవలెను. తూముల చెత్తను రోహిణి కార్తెలో ఒకసారి, అక్టోబరు తుపానులకు ముందు మఱొకసారి తీయించుటకు ఏ యూరివారు బాధ్యులో కాగితముపై వ్రాసికొనవలెను.

కూటపు మొదటి సమావేశమునకు సంక్రాంతి వెళ్ళిన వారము తగిన కాలము. వరి యిల్లు చేరియుండును, గెడ్డలో నీరు తగ్గి అడుగు కనబడుచుండును. చావడిలో కూర్చుండుటకంటె, ఊరికి ఇద్దఱు చొప్పున పెద్దలు కొలత త్రాడును గ్రామపటమును తీసికొని కొండపాదమునుండి పర్రవఱకు గెడ్డవెంట నడచుట మేలు. ఎగువవారు దిగువ మేటలను, దిగువవారు ఎగువ కోతలను కండ్లార చూతురు. ప్రతి కోతను, ప్రతి మూసిన తూమును, ఇఱుకైన ప్రతి చోటును పటముపై గుర్తింపవలెను. ఎవరి పొలముప్రక్కన ఇఱుకైనదో ఆ నాడు అడుగవలదు.