పాఠం: రాజు బల్ల దగ్గర ఒక చోటు

మన తెలుగు బడికి రకరకాల ఇళ్ళ నుంచి, రకరకాల నమ్మకాల నుంచి పిల్లలు వస్తారు. స్నేహం గురించిన ఈ పాఠానికి క్రైస్తవుల ఇళ్ళలో పిల్లలకు చెప్పే ఒక కథను తీసుకున్నాం. ఇది బైబిల్లోని సమూయేలు గ్రంథాలలో ఉంది. అమ్మతోనో నాన్నతోనో కలిసి పైకి చదవండి.

కథ

దావీదు బేత్లెహేములో గొర్రెలు కాసే కుర్రవాడు. ఒడిసెలతో రాయి విసిరి గొల్యాతు అనే మహాయోధుణ్ణి పడగొట్టాడు. ఆ దేశపు రాజు సౌలు. ఆయన కొడుకు యోనాతాను. ఎవరో గొర్రెల కాపరికి ఇంత పేరు వస్తే యువరాజుకు అసూయ కలగాలి కదా! కలగలేదు. తన పైవస్త్రం, కత్తి, విల్లు, నడికట్టు తీసి దావీదుకు ఇచ్చాడు.

అసూయ కలిగింది రాజుకు. జనం తనకంటే దావీదునే ఎక్కువ మెచ్చుకుంటున్నారని అతన్ని చంపాలనుకున్నాడు. దావీదు పొలంలో దాక్కున్నాడు. అమావాస్య విందులో అతని చోటు ఖాళీగా ఉంది. దావీదు బతికి ఉంటే నీకు రాజ్యం దక్కదని రాజు కొడుకు మీద మండిపడ్డాడు. అయినా యోనాతాను స్నేహితుడి తరఫునే మాట్లాడాడు. అప్పుడు రాజు అతని మీదికే ఈటె విసిరాడు.

మర్నాడు యోనాతాను ఒక చిన్న కుర్రాణ్ణి వెంటబెట్టుకుని పొలానికి వెళ్ళాడు. బాణం కుర్రాడికి అవతల పడితే ప్రమాదం ఉన్నట్టు అని స్నేహితులిద్దరూ ముందే గుర్తు పెట్టుకున్నారు. బాణం అవతలే పడింది. ఇద్దరూ ఏడ్చి విడిపోయారు.

తర్వాత యోనాతాను గిల్బోవ కొండ మీద జరిగిన యుద్ధంలో చనిపోయాడు. దావీదు రాజయ్యాక, యోనాతాను ఇంటివాళ్ళు ఎవరైనా మిగిలారా అని వెతికించాడు. రెండు కాళ్ళూ నడవడానికి రాని మెఫీబోషెతు అనే కొడుకు దొరికాడు. తాతగారి భూములు అతనికి తిరిగి ఇప్పించి, రోజూ తన బల్ల దగ్గరే భోజనం చేయమన్నాడు.

మనం నేర్చుకునేది

మంచి స్నేహితుడు ఎప్పుడు దొరుకుతాడా అని యోనాతాను ఎదురు చూడలేదు. తానే ముందు మంచి స్నేహితుడయ్యాడు.

ఇండియా నుంచి కొత్తగా వచ్చిన అబ్బాయి మీ స్కూల్లో లంచ్ దగ్గర ఒంటరిగా కూర్చున్నాడనుకోండి. అతని ఇంగ్లీషు విని కొందరు నవ్వుతారు. ఇక్కడే పుట్టిన మన పిల్లలు కూడా ఒక్కోసారి ఆ నవ్వులో కలుస్తారు. వాడితో మాట్లాడితే మనల్నీ ఏడిపిస్తారేమో అని భయం! ఆ భయం ఉత్తదని మేము చెప్పము. యోనాతాను మీదికీ ఈటె వచ్చింది కదా. కానీ స్నేహం తెలిసేది అప్పుడే. కొంచెం జరిగి, "ఇక్కడ కూర్చో" అంటే చాలు. ఆ రెండు మాటలూ తెలుగులో అంటే వాడికి ఇంకా సంతోషం.

యేసు కూడా తన శిష్యులను సేవకులు అనకుండా స్నేహితులు అని పిలిచాడు. స్నేహితుల కోసం ప్రాణం పెట్టడం కంటే గొప్ప ప్రేమ లేదని వాళ్ళకు నేర్పాడు. మనం రోజూ పెట్టవలసింది ప్రాణం కాదు, పక్కన కాస్త చోటు.

ఇంకొక మాట. స్నేహితుడికి ఎవరైనా హాని చేస్తున్నారని తెలిస్తే వెంటనే పెద్దవాళ్ళకు చెప్పండి. వాడు ఎవరికీ చెప్పొద్దన్నా సరే చెప్పండి. అది చాడీ కాదు, సాయం.

తల్లిదండ్రులకు మనవి: శని ఆదివారాల్లో మనం ఎక్కువగా మనవాళ్ళ ఇళ్ళకే వెళ్తుంటాం. నెలకొకసారైనా మీ పిల్లల క్లాసులోని ఒకరిని భోజనానికి పిలవండి. బల్ల దగ్గర చోటు ఇవ్వడం పిల్లలు మనల్ని చూసే నేర్చుకుంటారు.

అభ్యాసం

1. కొత్త మాటలు: అసూయ, ఒడిసెల, ఈటె, నడికట్టు, చాడీ. ఒక్కొక్క మాటతో ఒక వాక్యం రాయండి.
2. విందులో ఎవరి చోటు ఖాళీగా ఉంది? ఎందుకు?
3. చాడీకీ సాయానికీ తేడా ఏమిటి? ఒక ఉదాహరణ చెప్పండి.
4. ఈ వారం లంచ్ దగ్గర ఎవరికి చోటు ఇచ్చారు? వచ్చే క్లాసులో తెలుగులో చెప్పండి.