ఇంగితజ్ఞుడు హనుమ

వాల్మీకి రామాయణంలోని యుద్ధకాండ. రావణుని విడిచి, నలుగురు అనుచరులతో వచ్చి విభీషణుడు శరణు కోరాడు. వధించవలెనన్నాడు సుగ్రీవుడు. చారుని నియోగించి పరీక్షింపవలెనన్నాడు శరభుడు. హనుమ సమ్మతించలేదు. వచ్చినవాడు మిత్రుడే అయితే, అనుమానపు ప్రశ్నలతో అతని మనస్సు విరిగిపోదా? ముఖం ప్రసన్నంగా ఉంది. మాటలో దుష్టభావం లేదు. కపటి ఇంత నిశ్శంకగా రాడు. దాచినా దాగనిది ఆకారమని హనుమ నమ్మకం.

ఆధునిక మనస్తత్వశాస్త్రానికి అంత ధీమా లేదు. 2006లో బాండ్, డిపౌలో అనే పరిశోధకులు అనేక ప్రయోగాలను సమీక్షించారు. ఎదుటివారు చెప్పేది నిజమో అబద్ధమో మనుషులు సరిగా పోల్చుకొన్నది సుమారు 54 శాతం సందర్భాలలోనే. నాణెం ఎగురవేసినా సగం సరిపోతుంది!

హనుమ మాత్రం ముఖం చూసి ఊరుకోలేదు. అతని వివేకమంతా తరువాతి మాటలో ఉంది: వాలిని కూల్చి సుగ్రీవునికి పట్టం కట్టిన రాముని చెంతకు, రాజ్యం కోరే విభీషణుడు రావడం సహజమే.