గ్రంథసూత్రం

పాఠ్యభాగ ఉద్దేశం

దీర్ఘమైన రచనను క్రమంగా కూర్చుకొనే పద్ధతిని, అందుకు కంప్యూటర్ చేసే సహాయాన్ని, ఆ సహాయానికి ఉన్న హద్దును తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

'గ్రంథం' అనే మాటకు మూలమైన సంస్కృత ధాతువుకు కూర్చడం, ముడివేయడం అని అర్థం. తాటాకులపై గంటంతో వ్రాసే కాలంలో ఈ అర్థం కంటికి కనిపించేది. ఆకులకు రంధ్రాలు చేసి, వాటిగుండా దారం పోనిచ్చి, పైనా క్రిందా చెక్కలు పెట్టి కట్టేవారు. ఆ దారం తెగినా ఒక్క అక్షరం కూడా చెరిగిపోదు. కాని ఏ ఆకు తరువాత ఏ ఆకు రావాలో తెలియకపోతే మిగిలేది ఆకుల కట్టే, గ్రంథం కాదు. అందుకే లేఖకులు ఆకులకు సంఖ్యలు వేసేవారు. దీర్ఘ రచన చేసేవారికి నేటికీ ఎదురయ్యే సమస్య ఇదే. వ్రాయడం ఒక శ్రమ, వ్రాసినదాన్ని క్రమంలో నిలపడం మరొక శ్రమ.

పాలమూరు ప్రాంతానికి చెందిన సురవరం ప్రతాపరెడ్డి (1896-1953) ఈ రెండు శ్రమలనూ ఎరిగినవారు. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాట వినవచ్చినప్పుడు ఆయన వాదంతో సరిపెట్టుకోలేదు. తాము నడుపుతున్న గోలకొండ పత్రిక ద్వారా కవుల వివరాలనూ పద్యాలనూ సేకరించి, 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించారు. ఆ కవులు అంతకుముందు లేనివారు కారు. వారి పద్యాలు ఎక్కడివక్కడ చెదరి ఉన్నంతకాలం లేనట్లే లెక్కకు వచ్చాయి. ఒకచోట కూర్చగానే అవే కాదనరాని సాక్ష్యమైనాయి.

1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో ఆయనకు ఎదురైన చిక్కు మరొకటి. ప్రజల తిండి, వేషం, ఆటలు, వర్తకం, నమ్మకాలు మొదలైన వివరాలను ఆయన ప్రధానంగా ప్రాచీన కావ్యాలనుండి ఏరి తీశారు. ఒకే కావ్యంలో ఇవన్నీ కలగలిసి ఉంటాయి. వీటిని విషయాన్నిబట్టి విభజించాలా, కాలాన్నిబట్టి కూర్చాలా? ఆయన కాలక్రమాన్ని ప్రధానంగా గ్రహించి, ఒక్కొక్క యుగానికి ఒక్కొక్క ప్రకరణం కేటాయించారు. అందువల్లనే తెలుగువారి జీవనం ఎట్లా మారుతూ వచ్చిందో పాఠకునికి స్పష్టమవుతుంది. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన తొలి పురస్కారం ఈ గ్రంథానికే లభించింది.

కాగితాలతో చేసిన ఇటువంటి పనికి నేడు కంప్యూటర్ తోడైంది. కాని చాలామంది దానిని టైపు మిషన్‌లాగానే వాడుతారు. అధ్యాయం పేరును పెద్ద అక్షరాలతో కొట్టి, అది శీర్షిక అయిందనుకొంటారు. అది కంటికి శీర్షికే, యంత్రానికి మాత్రం మామూలు వాక్యమే. మైక్రోసాఫ్ట్ వర్డ్, లిబర్ఆఫీస్ రైటర్ వంటి వాటిలో 'హెడింగ్' అనే శైలిని ఎంచుకొంటేనే అది శీర్షికగా గుర్తింపబడుతుంది. అప్పుడు శీర్షికల పట్టిక ప్రక్కన కనిపిస్తుంది. అందులో ఒక శీర్షికను పైకి జరిపితే దాని క్రింది భాగమంతా దానితోపాటు కదులుతుంది. విషయసూచిక పుటల సంఖ్యలతో సహా తయారవుతుంది. బ్రిటన్‌కు చెందిన కీత్ బ్లౌంట్ రూపొందించగా 2007లో వెలువడిన స్క్రివెనర్ మరొక అడుగు ముందుకు వేసింది. ఆ పేరుకు లేఖకుడు అని అర్థం. అందులో రచనను చిన్న చిన్న భాగాలుగా వ్రాసి, ఒక్కొక్కదానికి సారాంశపు చీటీ జతచేసి, ఆ చీటీలను బల్లమీద పేర్చినట్లు మార్చి మార్చి పేర్చవచ్చు. చివరకు అన్నింటినీ కలిపి ఒకే ప్రతిగా తీయవచ్చు.

ఒక పరిశోధక విద్యార్థి నల్లగొండ, పాలమూరు ప్రాంతాల గ్రామచరిత్ర వ్రాయబూనినాడనుకోవచ్చు. అతని వద్ద శాసన పాఠాలు, ఆలయాల వివరాలు, సాయుధ పోరాట స్మృతులు, వలస కూలీల కథనాలు, ఫ్లోరైడు నీటి బాధలు ఉన్నాయి. ఒక్కొక్క అంశాన్ని ఒక్కొక్క చీటీగా వ్రాసి, స్థలం, కాలం, చెప్పినవారి పేరు గుర్తులుగా చేర్చుకోవాలి. కాగితపు చీటీని ఒక కట్టలోనే పెట్టగలం. కంప్యూటర్‌లో పానగల్లు ఆలయపు చీటీ 'శాసనం', 'శిల్పం', 'పానగల్లు' అనే మూడు గుర్తుల క్రిందా దొరుకుతుంది.

అయితే యంత్రం వెదకగలదు కాని వివేచించలేదు. 'పిల్లలమర్రి' అని వెదికితే సూర్యాపేట సమీపంలోని కాకతీయుల కాలపు ఆలయాల గ్రామమూ, మహబూబ్‌నగర్ దగ్గరి మహావటవృక్షమూ, 15వ శతాబ్ది కవి పినవీరభద్రుని ఇంటిపేరూ ఒకే వరుసలో వచ్చి నిలుస్తాయి. వాటిని వేరుచేయవలసినవాడు రచయితే. అట్లాగే 2016లో సూర్యాపేట వేరు జిల్లా అయింది. ఈ కారణంగా 'నల్లగొండ జిల్లా' అన్నచోటల్లా 'సూర్యాపేట జిల్లా' అని ఒక్క మీటతో మార్చితే, నేటికీ నల్లగొండ జిల్లాలోనే ఉన్న ఊళ్లు కూడా జిల్లా మారిపోతాయి. 1946-51 నాటి పోరాటం ఆనాటికి లేని జిల్లాలో జరిగినట్లవుతుంది. క్షణంలో జరిగిన దిద్దుబాటు చరిత్రనే తప్పుగా చెబుతుంది.

మరి రెండు జాగ్రత్తలు అవసరం. ముద్రణకోసం వాడిన అనేక పాత ఫాంట్లలో తెలుగు అక్షరం తెరమీద తెలుగుగా కనిపించినా, లోపల నిలిచేది ఆంగ్ల సంకేతమే. వేరొక కంప్యూటర్‌లో అది చదవరాకుండా పోవచ్చు. యూనికోడ్‌లో వ్రాసిన తెలుగు తెలుగుగానే నిలుస్తుంది, వెదికితే దొరుకుతుంది. రెండవది, ప్రతుల సంగతి. తాళపత్ర గ్రంథాలు మనదాకా వచ్చింది ప్రతులు వ్రాసినవారి వల్లనే. కాని ప్రతులు పెరిగినకొద్దీ పాఠాంతరాలు పెరిగాయి. కనుక రచనను కనీసం రెండు మూడు చోట్ల భద్రపరచాలి. ఏది కడపటి ప్రతియో తెలిసేటట్లు ఫైలు పేరులోనే తేదీ ఉంచాలి.

దారం ఆకులను కట్టి ఉంచింది. వాటి వరుసను నిర్ణయించింది దారం కాదు. ఒక అధ్యాయాన్ని ఎక్కడికైనా క్షణంలో జరపగల సౌకర్యం నేటి రచయితకు ఉన్నది. దానిని అక్కడికే ఎందుకు జరపాలో చెప్పగలిగిననాడే అతని చేతిలోని చీటీలు గ్రంథమవుతాయి.

కఠిన పదాలకు అర్థాలు

గంటం : తాటాకుపై వ్రాసే ఇనుప సాధనం
ప్రకరణం : అధ్యాయం
వటవృక్షం : మర్రిచెట్టు
వివేచించు : మంచిచెడులను, భేదాలను విచారించు
పాఠాంతరం : ఒకే రచన వేర్వేరు ప్రతులలో కనిపించే మాటల తేడా

ప్రశ్నలు

1. కూర్పు వల్ల కలిగే ప్రయోజనాన్ని 'గోలకొండ కవుల సంచిక' ఆధారంగా వివరించండి.
2. "యంత్రం వెదకగలదు కాని వివేచించలేదు." ఈ మాటను పాఠంలోని ఉదాహరణలతో సమర్థించండి.
3. మీ గ్రామచరిత్ర వ్రాయవలసివస్తే దానిని ఏ క్రమంలో కూర్చుతారో, ఎందుకో తెలపండి.