అన్నం మండదు – మంటనిస్తుంది

చదవండి

నిజామాబాద్ పట్టణంలో ఒక క్యాంటీన్ ఉందనుకుందాం. రోజూ మూడు వందల మంది పనివాళ్లు అక్కడ అన్నం తింటారు.

మధ్యాహ్నం మూడు గంటలైంది. భోజనాలు అయిపోయాయి. మిగిలిన అన్నం, పప్పు, కూర, కూరగాయల తొక్కలు కలిసి మూడు పెద్ద డబ్బాలు నిండాయి. ఊడ్చే చెల్లె వాటిని పెరట్లోకి తీసుకుపోయింది. అక్కడ ఒక ఇనుప డ్రమ్ము ఉంది. అందులో పోసి కాల్చడం ఆమె పని.

పొగ లేచింది. వంట చేసే అక్క బయటికి వచ్చింది.

"ఏందే చెల్లె, గింత పొగ? వంటింట్లకు వస్తున్నది."

"ఏం చెయ్యాలక్కా? అన్నం తడి తడిగ ఉన్నది. డీజిల్ పోసిన. అట్టలు ఏసిన. నా కండ్లు మండుతున్నయి గని అన్నం మండుతలేదు."

"బెల్లం గానుగ కాడ చూసినవా? పచ్చి పిప్పిని పొయ్యిల ఏస్తరా?"

"ఎందుకేస్తరు? ఎండబెట్టి ఏస్తరు."

"మరి గీ తడి అన్నాన్ని ఎందుకు కాలవెడుతున్నవ్?"

"కాలవెట్టమన్నరు. కాలవెడుతున్న. వేరే ఏమున్నది?"

"మా తల్లిగారింట్ల గోబర్ గ్యాస్ ఉండె. పెండతోని పొయ్యి మండేది. అన్నంతోని సుత మండుతదట."

చెల్లె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా అడిగింది.

"గట్లయితే నా పని పోతదా అక్కా?"

ఈ ప్రశ్నకు జవాబు పాఠం చివర చూద్దాం. ముందు అక్క చెప్పిన మాట నిజమో కాదో తెలుసుకుందాం.

అన్నం ఎందుకు మండదు?

వండిన అన్నాన్ని పది పాళ్లు చేస్తే, దాదాపు ఏడు పాళ్లు నీళ్లే. పప్పు, చారు, తొక్కలలో కూడా నీళ్లు ఎక్కువ. ఆ నీళ్లు ఆవిరైపోతే తప్ప అన్నం అంటుకోదు. మనం పోసిన డీజిల్ అంతా నీళ్లను కాచడానికే ఖర్చవుతుంది. చెత్తను కాల్చే పెద్ద యంత్రాలకు కూడా తడి చెత్తతో ఇదే చిక్కు.

సరిగా మండని చెత్త ఎక్కువ పొగ ఇస్తుంది. అందులో ప్లాస్టిక్ కవర్లు ఉంటే ఆ పొగ విషం. అది ముందుగా చేరేది డ్రమ్ము దగ్గర నిలబడిన మనిషి ఊపిరితిత్తులలోకే. అందుకే 2016లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన చెత్త నియమాలు చెత్తను బయట కాల్చకూడదన్నాయి.

మరి కాల్చకుండా ఊరి బయట దిబ్బ మీద పోస్తే? అక్కడ అన్నం చెత్త కింద పడి మురుగుతుంది. గాలి ఆడని చోట మురిగితే మీథేన్ అనే గ్యాస్ పుడుతుంది. అది దిబ్బకు అంటుకుంటే మంటలు లేస్తాయి. ఆకాశంలో కలిస్తే భూమి వేడెక్కుతుంది. వంద ఏళ్ల లెక్కన చూస్తే, బొగ్గుపులుసు వాయువు కన్నా మీథేన్ దాదాపు 28 రెట్లు ఎక్కువ వేడి పుట్టిస్తుంది.

అయితే ఆ మీథేన్‌ను పట్టుకొని పొయ్యికి పంపగలిగితే? అప్పుడది వంటగ్యాస్!

ట్యాంకు ఒక కడుపు

మూత గట్టిగా ఉన్న ట్యాంకు ఒకటి కావాలి. లోపలికి గాలి పోకూడదు. మొదట పెండ, నీళ్లు కలిపి నింపుతారు. పెండలో కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఉంటాయి. పాలను పెరుగు చేసేవి, కల్లును పులియబెట్టేవి కూడా ఇలాంటి చిన్న జీవులే. ట్యాంకులోని జీవులకు గాలి అక్కరలేదు. అవి తిండిని కరిగించి గ్యాస్ చేస్తాయి. ఈ గ్యాస్‌ను బయోగ్యాస్ అంటారు. ఇందులో సగానికి పైగా మీథేన్ ఉంటుంది.

మొదట కొన్ని వారాలు ఓపిక పట్టాలి. గ్యాస్ బాగా మండడం మొదలయ్యాక, అన్నం, తొక్కలు మెత్తగా చేసి నీళ్లు కలిపి పోయాలి. రోజూ కొంచెం కొంచెం పెంచాలి. ఒకేసారి ఎక్కువ పోస్తే ట్యాంకు పులిసిపోతుంది. గ్యాస్ తగ్గిపోతుంది. మనం పెండ్లి భోజనం మితిమీరి తింటే కడుపు ఏమవుతుంది? ఇదీ అంతే.

గ్యాస్ పోగా మిగిలిన చిక్కటి నీళ్లు ఎరువు. నీళ్లు కలిపి మొక్కలకు, పొలానికి పోయవచ్చు.

బోధన్ నేర్పిన పాఠం

బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో మొదలైంది. 2015 చివర్లో మూతపడింది. చక్కెర మిల్లులో పనిచేసిన వాళ్లను అడగండి. చెరకులో ఏది పారేస్తారు? పిప్పి బాయిలర్‌కు పోతుంది. మొలాసిస్‌తో ఆల్కహాల్ చేస్తారు. రసం వడకట్టగా మిగిలిన మడ్డి పొలానికి ఎరువు. దేని దారి దానిదే. ఎండే పిప్పికి మంట దారి. తడి మడ్డికి మట్టి దారి. మన అన్నానికి కూడా సరైన దారి చూపాలి.

బోయినపల్లిలో చేశారు

మన వైపు నుంచి రోడ్డు మీద హైదరాబాద్ పోతుంటే బోయినపల్లి వస్తుంది. అక్కడ పెద్ద కూరగాయల మార్కెట్ ఉంది. రోజూ టన్నుల కొద్దీ కుళ్లిన కూరగాయలు మిగులుతాయి. వాటిని వాడుకోవడానికి మార్కెట్‌లోనే బయోగ్యాస్ ప్లాంటు కట్టారు. దాని పద్ధతిని తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేశారు.

2021 జనవరి 31న ప్రధానమంత్రి రేడియోలో ఈ మార్కెట్ గురించి చెప్పారు. రోజుకు 10 టన్నుల చెత్త నుంచి 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల గ్యాస్ వస్తున్నాయని చెప్పారు. ఆ కరెంటు మార్కెట్‌కు, ఆ గ్యాస్ మార్కెట్ క్యాంటీన్‌కు వాడారు.

ఇది మన దేశం మాటే కాదు. ఇంగ్లండులో 2025 మార్చి 31 నుంచి ఒక నియమం ఉంది. పది మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట తిండి వ్యర్థాన్ని మిగతా చెత్తతో కలపకూడదు. వేరుగా తీసి ఇవ్వాలి.

లెక్క చేద్దాం

మన క్యాంటీన్‌లో రోజుకు 50 కిలోలు మిగులుతుందనుకుందాం.

10 కిలోల తిండి వ్యర్థం నుంచి సుమారు 1 ఘనపు మీటరు గ్యాస్ వస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కో మీటరు ఉన్న పెట్టెలో పట్టేంత.

50 కిలోల నుంచి సుమారు 5 ఘనపు మీటర్లు. ఇది సిలిండర్ గ్యాస్ 2 కిలోలకు సమానం.

హోటళ్లు వాడే పెద్ద సిలిండర్‌లో 19 కిలోల గ్యాస్ ఉంటుంది. 19ని 2తో భాగించండి. తొమ్మిదిన్నర.

అంటే ట్యాంకు బాగా నడిస్తే పది రోజులకు ఒక సిలిండర్ మిగులుతుంది. డీజిల్ ఖర్చు కూడా ఉండదు. ట్యాంకు కట్టడానికి మాత్రం మొదట డబ్బు కావాలి. చిన్న హోటల్‌కు అది భారం. అలాంటి వాళ్లు నలుగురు కలిసి కట్టుకోవచ్చు. లేదా తొక్కలతో కంపోస్టు చేసుకోవచ్చు. అన్నిటికన్నా ముందు పని, పారేసే అన్నాన్ని తగ్గించడం.

జాగ్రత్త!

• ప్లాస్టిక్, బొక్కలు, గుడ్డు పెంకులు ట్యాంకులో వేయకూడదు.
• ట్యాంకు దగ్గర బీడీ ముట్టించకూడదు. అగ్గిపుల్ల గీయకూడదు.
• కుళ్లిన గుడ్డు వాసన వస్తే గ్యాస్ కారుతున్నట్టు. వాల్వు కట్టేయాలి. కిటికీలు, తలుపులు తెరవాలి.
• ట్యాంకులోకి ఎవరూ దిగకూడదు. లోపల ఊపిరి ఆడదు. విష వాయువు ఉంటుంది. నిమిషాలలో ప్రాణం పోతుంది. ఎవరైనా పడితే వెంట దూకకూడదు. అగ్నిమాపక దళాన్ని పిలవాలి. ఫోన్ నంబరు 101.

చెల్లె ప్రశ్నకు జవాబు

"నా పని పోతదా?" అని చెల్లె అడిగింది కదా. పని పోదు, మారుతుంది. ట్యాంకుకు రోజూ తిండి పెట్టే మనిషి కావాలి. ఎంత పోశామో రాసిపెట్టాలి. మంట ఎలా ఉందో చూడాలి. చదవడం, రాయడం నేర్చుకున్న చెల్లెకు అది చేతనవుతుంది. ఆ పని ఆమెకే ఇవ్వాలి. చేతి తొడుగులు, బూట్లు ఇవ్వాలి.

ఇంకొక మాట. తిన్న వాళ్లు ప్లేటులో మిగిలింది ఒక డబ్బాలో, ప్లాస్టిక్ ఇంకో డబ్బాలో వేయాలి. మూడు వందల మంది కలిపి పారేసిన దాన్ని ఒక్క మనిషి చేత్తో వేరు చేయడం న్యాయం కాదు. ఎవరి ప్లేటు వాళ్లు వేరు చేస్తే అది ఒక్క నిమిషం పని.

కొత్త మాటలు

మీథేన్ – మండే గ్యాస్
బయోగ్యాస్ – పెండ, తిండి మురిగితే వచ్చే గ్యాస్
వ్యర్థం – పనికిరాదని పారేసేది
సూక్ష్మజీవి – కంటికి కనిపించని చిన్న జీవి

ఆలోచించండి

1. పచ్చి పిప్పిని ఎందుకు ఎండబెడతారు?
2. ట్యాంకులో ఒకేసారి ఎక్కువ పోస్తే ఏమవుతుంది?
3. ట్యాంకులోకి ఎందుకు దిగకూడదు?

చేయండి

మీరు పనిచేసే చోట ఒక వారం రోజులు మిగిలిన అన్నాన్ని, తొక్కలను తూకం వేయండి. ఏ రోజు ఎన్ని కిలోలో నోటుబుక్కులో రాయండి. ఆ కాగితం పట్టుకొని నలుగురూ కలిసి మేనేజరు దగ్గరికి వెళ్లండి. మీరు రాసిన లెక్క ఆయనకు చదివి వినిపించండి.