పొలం గట్టున పాఠం చెప్పే ఉద్యోగం



"చదివి ఏమవుతావు?" అని మన హాస్టల్లో ఎవరినడిగినా డాక్టరు, ఇంజనీరు, టీచరు, పోలీసు అన్న మాటలే వినిపిస్తాయి. విశ్వవిద్యాలయం తరఫున పల్లెకు వెళ్లి రైతులకు పాఠం చెప్పే ఉద్యోగం ఒకటుందని చాలామందికి తెలియదు. దానినే వ్యవసాయ విస్తరణ అంటారు. ఈ హాస్టల్లో చదువుకుని ఆ దారిలో వెళ్లిన మేము, ఆ ఉద్యోగం ఎలాంటిదో, అందులో ఎలా చేరాలో, చేరాక మొదట ఏం నేర్చుకోవాలో మీకు చెప్పదలచాము.

విస్తరణ అంటే ఏమిటి?

వ్యవసాయ విశ్వవిద్యాలయానికి మూడు బాధ్యతలు: బోధన, పరిశోధన, విస్తరణ. సాంబ మసూరి అన్నం తిననివారు మనలో ఉండరు. అది బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బి.పి.టి. 5204 రకం. రకం తయారైతే సరిపోదు. దాని నారు ఎప్పుడు పోయాలి, అగ్గి తెగులును అది తట్టుకోలేదు కాబట్టి ఏ జాగ్రత్త పడాలి అన్నది రైతుకు అందాలి. రైతు పొలంలో కనిపించిన కొత్త సమస్య తిరిగి పరిశోధన స్థానానికి చేరాలి. ఈ రెండు వైపులా నడిచేవాడే విస్తరణ శాస్త్రవేత్త.

దేశంలో మొదటి కృషి విజ్ఞాన కేంద్రం 1974లో పుదుచ్చేరిలో మొదలైంది. ఇప్పుడు దేశమంతటా 700కు పైగా ఉన్నాయి. ఒక్కో కేంద్రానికి 16 పోస్టులు మంజూరవుతాయి. వారిలో ఒకరు కేంద్రం అధిపతి, ఆరుగురు విషయ నిపుణులు. ఇవి కాక మన విశ్వవిద్యాలయాలకు ఏరువాక కేంద్రాలు కూడా ఉన్నాయి.

చేరే దారి

ఇంటర్లో బైపీసీ చదివి, ఎంట్రన్సు రాసి, నాలుగేళ్ల బి.ఎస్సీ. అగ్రికల్చర్‌లో చేరాలి. పదో తరగతి తర్వాత వ్యవసాయ డిప్లొమా చేసినవారు అగ్రిసెట్ ద్వారా డిగ్రీకి వెళ్లవచ్చు. రిజర్వేషన్లతో పాటు రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది. దాని షరతులను ప్రవేశ ప్రకటనలో జాగ్రత్తగా చదవండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు ముందే తీసి పెట్టుకోండి.

డిగ్రీ చివరి ఏడాదిలో విద్యార్థులను పల్లెల్లో ఉంచి రైతులతో పని చేయిస్తారు. దానిని మార్కుల కోసమే చేయకండి, అసలు చదువు అక్కడే ఉంది. విషయ నిపుణుడి పోస్టుకు ఎం.ఎస్సీ. కావాలి. విస్తరణ విద్యలోనే చేయాలని లేదు. సస్యశాస్త్రం, సస్యరక్షణ, ఉద్యాన శాస్త్రం, గృహ విజ్ఞానం చదివినవారూ ఇందులోకి రావచ్చు. విశ్వవిద్యాలయంలో అధ్యాపక స్థాయి కోరుకునేవారు నెట్ పరీక్షకు కూడా సిద్ధపడాలి.

డిగ్రీ చదువంతా ఇంగ్లీషులోనే ఉంటుంది. తెలుగు మీడియం నుంచి వెళ్లినవారికి మొదటి ఏడాది కష్టం. మా సలహా ఒక్కటే. ఒక నోటుపుస్తకంలో ఇంగ్లీషు మాట ఒక పక్క, మీ ఊరి మాట ఇంకో పక్క రాసుకోండి. పరీక్షకు మొదటిది, పొలానికి రెండవది పనికొస్తాయి.

మొదటి ఏడాది పాఠాలు

ఒకటి: ముందు చూడాలి, అడగాలి, ఆ తర్వాతే చెప్పాలి. ఉదాహరణకు, నాటిన కొద్ది వారాలకే వరి ఎదగక గిడసబారిపోయిందని రైతు వస్తాడు. యూరియా వేశాననీ, ఫలితం లేదనీ అంటాడు. దుబ్బు పీకి చూడాలి. ఆకు మధ్యభాగం పాలిపోయి, తుప్పు రంగు మచ్చలు ఉంటే అది జింకు లోపం కావచ్చు. అప్పుడు ఎంత యూరియా చల్లినా డబ్బు దండగే. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి ఐదు రోజుల తేడాతో రెండు మూడుసార్లు పిచికారి చేయాలి.

రెండు: కొలత రైతు చేతికి అందేలా చెప్పాలి. "లీటరుకు 2 గ్రాములు" అని చెప్పి వదిలేస్తే చాలదు. 16 లీటర్ల ట్యాంకుకు 32 గ్రాములు, ఎకరాకు 200 లీటర్ల నీరు పట్టే చోట 400 గ్రాములు అని లెక్క కట్టి చూపాలి.

మూడు: జమాఖర్చు రాయాలి. కొత్త పద్ధతిని రైతు పద్ధతి పక్కనే వేసి చూపిస్తాం. దిగుబడి పెరిగిందని చెబితే రైతు నమ్మడు. ఖర్చు పోగా ఎంత మిగిలిందని అడుగుతాడు. అది న్యాయమైన ప్రశ్న.

ఎవరి పొలంలో వేయాలి?

ఇదే ఈ ఉద్యోగంలో అసలు పరీక్ష. ప్రదర్శన క్షేత్రానికి రోడ్డు పక్క పొలం, బోరు ఉన్న పొలం, పెద్ద రైతు పొలం తేలికగా దొరుకుతాయి. అధికారులు కారు దిగి చూడడానికీ అవే అనువు. కానీ అక్కడ పండిన పంట, నీళ్లు చాలని చివరి మడిలో పండుతుందా? పాసుపుస్తకం లేని కౌలు రైతు పేరు జాబితాలోకి ఎక్కదు. కలుపు తీసేది, నాట్లు వేసేది ఆడవాళ్లయితే శిక్షణకు పిలిచేది మగవాళ్లను. సమావేశం పగటిపూట పెడితే కూలికి పోయేవారు రాలేరు, వస్తే ఆ రోజు కూలి పోతుంది.

మన అమ్మానాన్నలు చాలామంది ఆ రాలేనివారిలోనివారే. కాబట్టి ఈ సంగతి మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. జాబితా రాసేటప్పుడు గుర్తుంచుకుంటే చాలు. సమావేశం సాయంత్రం పెట్టండి. ఊరి మధ్య రచ్చబండ దగ్గరే కాక వాడలో కూడా పెట్టండి. చిన్న కమతం ఒక్కటైనా ప్రదర్శనకు ఎంచుకోండి. కౌలు రైతును పేరుతో పిలిచి ముందు కూర్చోబెట్టండి.

ఈ ఉద్యోగంలో ఎండ ఉంది, తిరుగుడు ఉంది, నివేదికలు రాసే పని కూడా చాలా ఉంది. కొన్ని పోస్టులు కాంట్రాక్టు మీద ఉంటాయి, ప్రకటన చదివి తెలుసుకునే చేరాలి. అయినా మన భాష, మన పల్లె, మన కష్టం అర్హతలుగా పనికొచ్చే ఉద్యోగాలు తక్కువ. వాటికి శాస్త్రం తోడైతే మీ మాట పొలంలో నిలుస్తుంది. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ ఊరి పొలాలు ఒకసారి తిరగండి. ఎవరికి సలహా అందుతున్నదో, ఎవరికి అందడం లేదో రాసుకురండి. విస్తరణలో మీ మొదటి పాఠం అదే.