రేగడిలో షెడ్డు వేసే ముందు

శనగ కోతలు ముగిశాయి. రాజుపాళెం, పెద్దముడియం చేలల్లో నేల నెర్రెలిచ్చింది. కొన్ని నెర్రెల్లో గడారి వదిలితే సగం దాకా అడ్డు లేకుండా దిగిపోతుంది. చేతిలో నాలుగు డబ్బులుండి, వానలకు ఇంకా మూడు నెలలు గడువున్న ఈ రోజుల్లోనే మన వైపు రైతుకు షెడ్డు మీదికి మనసు పోతుంది. ట్రాక్టరు ఎండకు ఎండి వానకు తడుస్తోంది. రోటవేటరు బ్లేడ్లు తుప్పు పట్టాయి. పొలంలోనే పెద్ద రేకుల షెడ్డు లేపి, ఓ మూల వెల్డింగు మిషను, గ్రైండరు పెట్టుకుంటే చిన్న బోల్టు విరిగినా ప్రొద్దుటూరుకో జమ్మలమడుగుకో పరిగెత్తే పని తప్పుతుంది. ఆలోచన మంచిదే. కాకపోతే షెడ్డు అనగానే మన కళ్లు రేకుల రంగు మీదికి, గేటు డిజైను మీదికి పోతాయి. మన నేలలో మొదటి ఖర్చు భూమిలోకి పోవాలి. రెండోది రేకును పట్టి ఉంచే బోల్టుకు పోవాలి. మిగతావి ఆ తర్వాతే.

పన్నెండేళ్ల కిందట నేనూ ఈ తప్పు చేసినవాణ్నే. రేగడిలో మూడడుగుల గుంతలు తీసి స్తంభాలు నిలబెట్టించాను. "ఏం కాదులే అన్నా, ఇంత ఇనుమును మట్టి లేపుతుందా?" అన్నాడు మేస్త్రీ. నాకూ అదే నిజమనిపించింది. మే నెలలో ఒంటిచేత్తో తోస్తే జరిగిపోయిన జారుడు గేటు, అక్టోబరు వానలకు ఇద్దరం భుజాలు పెట్టినా కదల్లేదు. గేటు కింది పట్టా నడిమధ్య రెండంగుళాలు ఉబ్బి ఉంది. ఫిబ్రవరికి పట్టా దానంతటదే దిగింది కానీ, గోడలో మెట్లుమెట్లుగా వచ్చిన పగులు మాత్రం అలాగే ఉండిపోయింది. ఇప్పటికీ ఉంది.

నల్లరేగడి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఈ ఆట పైనుంచి సుమారు మూడున్నర మీటర్ల లోతు దాకా, అంటే పన్నెండడుగుల దాకా సాగుతుంది. రేకుల షెడ్డు తేలిక కాబట్టి బాధ లేదనుకుంటాం. అసలు చిక్కంతా ఆ తేలికతోనే. నాలుగంతస్తుల మేడ తన బరువుతో మట్టిని కొంతైనా అణచిపెడుతుంది, షెడ్డుకు ఆ బలం లేదు.

మీ నేల ఏ పాటిదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. షెడ్డు వేయబోయే చోట నాలుగడుగుల లోతు నుంచి పిడికెడు మట్టి తీసి, బాగా ఎండబెట్టి, పొడి చేసి, సన్న జల్లెడ పట్టండి. మిల్లీలీటర్ల గీతలున్న 100 మి.లీ. గాజు గొట్టాలు రెండు తెచ్చుకుని, ఒక్కోదాంట్లో 10 మి.లీ. గీత వరకు ఈ పొడి పోయండి. ఒకదాన్ని నీళ్లతో, రెండోదాన్ని కిరోసిన్‌తో నింపి, పుల్లతో కలిపి బుడగలు పోగొట్టి, ఒక పగలూ ఒక రాత్రీ కదలకుండా ఉంచండి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. అందులో మట్టి 10 దగ్గరే ఉండి, నీళ్లలో 15 దాకా లేస్తే ఉబ్బు 50 శాతమన్నట్టు. అది దాటితే జాగ్రత్త పడాలి. నీళ్లలో మట్టి 20 గీత దాటిందంటే మామూలు పునాది మాట మరిచిపోండి. ఇంజనీర్లు చేసే పరీక్షకు ఇది ఇంటి రూపం, అంతే. పెద్ద షెడ్డుకు ఒకసారి ఇంజనీరుకు చూపించాల్సిందే.

దీని తర్వాత గుంత. నాలుగు మూలలా నాలుగు, నడుమ ఒకటి తవ్వి చూడండి. మైలవరం, ఎర్రగుంట్ల వైపు చాలాచోట్ల మూడు నాలుగు అడుగులకే గరుసో, నాపరాయి పొరో తగులుతుంది. అది తగిలితే అదృష్టమే. గరుసులోకి ఇంకో అడుగు దిగి పునాది వేసుకోండి. పులివెందుల చుట్టుపక్కల ఒకే పొలంలో ఒక చెక్క ఎర్రనేల, పక్క చెక్క రేగడి ఉండటం మామూలే. షెడ్డు ఒక కాలు ఎర్రనేలలో, ఒక కాలు రేగడిలో పెట్టిందంటే అన్నింటికంటే పెద్ద తంటా అదే. దారికి నాలుగు గజాలు దూరమైనా సరే, మొత్తం ఎర్రనేల మీదికే జరపండి. గండికోటలో మసీదు పక్కనున్న ధాన్యాగారం చూసే ఉంటారు. కమాను కప్పు, మందపాటి రాతిగోడలు. వందల ఏళ్లుగా అలా నిలబడి ఉందంటే కట్టినవాళ్ల పనితనం ఒకటి, కింద కొండరాయి ఉండటం ఒకటి. మనకు ఆ రాయి లేదు కాబట్టి తెలివి వాడాలి.

గుంతలో పన్నెండడుగులకూ రేగడే వస్తే దారి అండర్ రీమ్డ్ పైలు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ దేశమంతటా వ్యాప్తిలోకి తెచ్చిన పద్ధతి ఇది. అడుగు వెడల్పున పన్నెండడుగుల బొక్క తీసి, అడుగున ఉల్లిగడ్డలా దానికి రెండున్నర రెట్లు వెడల్పు చేసి, కడ్డీల బోను దించి కాంక్రీటు పోస్తారు. ఉబ్బని పొరలో ఉన్న ఆ గడ్డ పైలును కిందికి పట్టి ఉంచుతుంది. ట్రాక్టరుకు తగిలించే గుంతల మిషనుతో బొక్క వస్తుంది కానీ ఆ గడ్డ రాదు. దానికి వేరే పనిముట్టు ఉంది, అది ఉన్న మేస్త్రీనే పిలవండి. పైలు తలలన్నింటినీ కలుపుతూ వేసే బీము నేలను తాకకూడదు. బీముకూ మట్టికీ నడుమ మూడంగుళాల సందు వదలాలి, మట్టి ఉబ్బితే ఆ సందులోకి ఉబ్బుతుంది. మన మేస్త్రీలకు ఈ సందు కంటికి ఇంపుగా ఉండదు, మట్టితో పూడ్చేస్తారు. పక్కనే నిలబడి చూసుకోండి.

నేల గచ్చు కోసం పైనున్న రేగడి మూడడుగులు తీసేసి, గరుసు ఆరంగుళాల పొరలుగా పోసి, తడిపి, రోలరుతో తొక్కించాలి. కట్టి అనే బాంబే ఐఐటీ ఆచార్యుడు ఉబ్బని మట్టి పొరతో రేగడిని అణచవచ్చని చూపించింది ఇలాంటి పద్ధతే. పైన ట్రాక్టరు తిరిగే చోట ఆరంగుళాల కాంక్రీటు, పదడుగులకొక కోత. గచ్చును స్తంభాలకు అతికించొద్దు, దాని మానాన దాన్ని వదిలేయండి. నాపబండలు మన ఊరి సొత్తే అయినా, పలుచటివి ట్రాక్టరు చక్రం కింద నిలవవు. వాటిని పనిముట్ల మూలకో, షెడ్డు చుట్టూ అరుగుకో వాడుకోండి. గోడకైతే నాలుగైదడుగుల ఎత్తు బండలు నిలబెట్టి పాతడం మనకు తాతల నాటి అలవాటు. ఇటుకకన్నా ఇదే నయం, మట్టి కదిలితే బండ ఒరుగుతుంది తప్ప పగలదు.

నీళ్ల లెక్క చాలామంది వేయరు. ముప్పై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు షెడ్డు కప్పు మీద ఒక సెంటీమీటరు వాన పడితే 1,670 లీటర్ల దాకా నీళ్లు దిగుతాయి. ఈశాన్య రుతుపవనాల్లో తుపాను పట్టి ఒక్క రాత్రి పది సెంటీమీటర్లు కొడితే నాలుగు ట్యాంకర్ల నీళ్లు. అవన్నీ చూరు నుంచి నేరుగా పునాది పక్కన పడితే పైన చెప్పిన ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరే. రెండు వైపులా గట్టర్లు పెట్టి, గొట్టాలతో దూరంగా నీటికుంటలోకో వంకలోకో వదలండి. చుట్టూ ఐదడుగుల వెడల్పున బయటికి వాలుగా బండలు పరచండి. వేప, చింత పెద్ద చెట్ల నీడ బాగుంటుంది కానీ వాటి వేళ్లు రేగడిలోని తేమంతా పీల్చేస్తాయి. కనీసం చెట్టు ఎత్తంత దూరం వదలండి.

ఇక గాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఒక్క ఈదురుగాలికి పులివెందుల, లింగాల అరటితోటలు నేలమట్టం కావడం ఏటా చూస్తున్నదే. గంటకు వంద కిలోమీటర్ల గాలి చదరపు మీటరు కప్పును సుమారు 47 కిలోల బలంతో పైకి లాగగలదు. మన ముప్పై అరవై షెడ్డుకు అది ఎనిమిది టన్నుల దగ్గర. అర మిల్లీమీటరు రేకులన్నీ కలిపి తూచినా టన్ను తూగవు. ఇప్పుడు చెప్పండి, రేకును ఆపేది బరువా, స్క్రూలా? ఒకవైపు తెరిచి ఉన్న షెడ్డులో గాలి లోపలికి దూరి కింది నుంచి కూడా తోస్తుంది. చూరు వెంట, మూలల్లో, నడికప్పు దగ్గర స్క్రూలు రెండింతలు దట్టంగా కొట్టించండి. రబ్బరు వాషరు ఎండకు పగిలే నాసిరకం కాకూడదు. స్తంభం కింది పలక బోల్టులు కాంక్రీటులో కొక్కెం వంచి వేసినవి కావాలి, తర్వాత డ్రిల్లుతో దింపినవి వద్దు.

కొలతల విషయానికొస్తే, ట్రాక్టరూ ట్రాలీ కలిపి ఇరవై ఐదడుగులు దాటుతాయి. ఆ జత నిలవాలంటే వెడల్పు ముప్పై కంటే తగ్గొద్దు. చూరు ఎత్తు పద్నాలుగు, గేటు పన్నెండు అడుగులు. ఎప్పుడో ఒకరోజు ధాన్యం కోత మిషను లోపల పెట్టాల్సి వస్తుంది. నడికప్పు చూరు కంటే రెండున్నర, మూడడుగులు లేస్తే నీళ్లు నిలవవు. ముందు నలభై అడుగులు ఖాళీ ఉంచుకోకపోతే ట్రాలీ తిప్పలేరు. ముగ్గుతో గీతలు గీసి, నిజంగానే ట్రాక్టరు తెచ్చి తిప్పి చూడండి. పొడవు తూర్పు పడమరలుగా పెడితే ఎండ తగిలే పక్కలు చిన్నవవుతాయి. తెల్లరంగు రేకు, నడికప్పు వెంట వేడి పోయే సందు ఉంటే మే నెల మధ్యాహ్నం కూడా పని చేసుకోవచ్చు. సిమెంటు రేకులు వేస్తే మాత్రం గ్రైండరుతో కోయించొద్దు, ఆ ధూళిలోని ఆస్‌బెస్టాస్ ఊపిరితిత్తులకు విషం.

లోపల వర్క్‌షాపు మూలను ఉత్తరం వెలుతురు పడే చోట పెట్టుకోండి. ఇంజను దింపే చైన్‌పుల్లీ కప్పు దూలానికి కట్టేయడం మన వాళ్లకు సరదా. రేకు మోయడానికి వేసిన దూలం మూడు క్వింటాళ్ల ఇంజను మోయదు, దానికి వేరే ఇనుప చట్రం చేయించుకోండి. కింద పడుకుని పని చేయడానికి గుంత తవ్వాలన్న ఆశ రేగడిలో వద్దు, వానాకాలం అది బావి అవుతుంది. శనగ పొట్టు, చొప్ప, పత్తి ఈ షెడ్డులో పెట్టొద్దు. వెల్డింగు రవ్వ ఎంత దూరం ఎగురుతుందో ఒకసారి చీకట్లో చూడండి. పురుగుమందులకు వేరే గది, వేరే తాళం. యూరియా బస్తాల పక్కనున్న ఇనుము తుప్పు పడుతుంది, వాటినీ దూరం పెట్టండి.

బోరు మోటారుకు వచ్చే ఉచిత కరెంటుతో వెల్డింగు చేస్తే నేరం. దక్షిణ డిస్కం దగ్గర షెడ్డుకు విడిగా కనెక్షను తీసుకోండి. వేసవిలో ఎండిన రేగడిలో ఎర్తింగు పని చేయదు, గుంతలో వారానికొకసారి నీళ్లు పోయండి. లీకేజీకి ఆగిపోయే స్విచ్చి ప్రాణాలు కాపాడుతుంది. మీ పనిముట్లు మీరు పెట్టుకునే షెడ్డు వేరు, డబ్బులకు ఊరి వాళ్ల ట్రాక్టర్లు బాగు చేసే షెడ్డు వేరు. రెండోదైతే భూమి వినియోగం, అనుమతుల సంగతి సచివాలయంలో ఇంజనీరింగు అసిస్టెంటును ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. యంత్రాల అద్దె కేంద్రంగా పెడితే 2020లో మొదలైన వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద బ్యాంకు రుణానికి రెండు కోట్ల దాకా 3 శాతం వడ్డీ రాయితీ ఏడేళ్లు ఉంది. రైతు సేవా కేంద్రంలోనో, ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రంలోనో వివరాలు కనుక్కోండి.

కాంక్రీటు సాయంత్రం పోయించండి, తడి గోనె సంచులు కప్పి రెండు వారాలు తడుపుతూనే ఉండండి. షెడ్డు లేచాక మొదటి పెద్ద వాన రోజున గొడుగు తీసుకుని చుట్టూ ఒకసారి తిరగండి. నీళ్లు నిలిచిన చోటల్లా సున్నంతో గుర్తు పెట్టుకుని, నేల ఆరగానే అక్కడ గరుసు పోయించండి.