కలప కొట్టములో పుట్టిన పందెపు జట్టు

సంక్రాంతి దినములలో గుడివాడ ప్రాంతమున ఒంగోలు జాతి యెడ్లచే బండలు లాగించు పోటీలు జరుగుచుండును. చూడవచ్చిన జనులు గెలిచిన జతను మెచ్చుకొందురు. కాని యా గెలుపు వెనుక ఉలవలు పెట్టి మేపినవాడు, గిట్టలకు నాడాలు కొట్టినవాడు, కాడి చెక్కిన వడ్రంగి, పగ్గము పట్టి తోలినవాడు ఇట్లెందరో యుందురు. వీరిలో ఒక్కరు తప్పినను జత వెనుకబడును. మోటారు పందెములును ఇట్టివే. కారు నడుపువాని పేరు లోకమెల్ల వినును; కారు నిర్మించినవారిని కొలదిమందియే యెరుగుదురు. అందరి శ్రమయు కలిసినదే జట్టు.

తెలుగునాట 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేనుసాగరపు తీరమున, విద్యుత్తుతో నడచు కార్లకు ప్రపంచస్థాయి పందెము జరిగెను. ఇట్టి పందెములన్నిటిలో మిక్కిలి పేరుగన్నది ఫార్ములా వన్. అందు ప్రపంచ విజేతను నిర్ణయించు పోటీలు 1950లో ప్రారంభమయ్యెను. ఆ పోటీలలో ఒకనాడు అగ్రస్థానము నలంకరించి, పిదప క్రమముగా క్షీణించిన యొక యింగ్లీషు జట్టు కలదు. దాని పేరు టిరెల్ జట్టు.

ఇంగ్లండు దేశమున సరే అను మండలమునందు కెన్ టిరెల్ అను కలప వర్తకు డుండెను. 1924లో జన్మించిన యీతడు రెండవ ప్రపంచ యుద్ధకాలమున విమానదళమున పనిచేసి, పిమ్మట సోదరునితో గూడి కలప వ్యాపారము సాగించెను. కొంతకాలము చిన్న కార్లతో తానే పందెములలో పాల్గొనెను గాని, తాను ఉత్తమ చోదకుడు కాజాలనని త్వరలోనే గ్రహించెను. తన కొలది తా నెరుగుట సామాన్యమైన గుణము కాదు. ఇతరులలోని నేర్పును గుర్తించుటయే తన నేర్పని తెలిసికొని, అతడు ఒక జట్టును కూర్చెను. ఓఖం అను పల్లెలో కలప నిలువచేయు కొట్టమే యా జట్టునకు పనిశాల. బందరు చేరువనున్న పెడనలో కలంకారీ అచ్చులు చెక్కువారు చిన్న పాకలో కూర్చుండి టేకుచెక్కపై సన్నని లతలను తీర్చునట్లు, ఆ కొట్టములో కొలదిమంది పనివారు కార్లను సరిచేయుచుండిరి. 1964లో టిరెల్ జాకీ స్టువర్టు అను స్కాట్లండు యువకుని పరీక్షించి, తన చిన్నతరగతి కారు నడుపుటకు నియమించెను.

1968లో టిరెల్ ఫార్ములా వన్ పందెములలో ప్రవేశించెను. నాడు ఫోర్డు కంపెనీ ద్రవ్యసహాయముతో కాస్‌వర్త్ సంస్థ నిర్మించిన మూడు లీటర్ల యంత్రము వెల యిచ్చిన జట్లకు లభించుచుండెను. కావున చిన్న జట్టునకును పెద్ద జట్టునకును యంత్రబలమున భేద మంతగా లేకుండెను, నేర్పుననే భేదము. టిరెల్ ఆ యంత్రమును ఫ్రాన్సు దేశపు మాత్రా సంస్థవారి కారులో అమర్చెను. 1969లో స్టువర్టు ప్రపంచ విజేత యయ్యెను. మరుసటి యేట మాత్రావారు తమ యంత్రమునే వాడవలెనని కోరగా టిరెల్ అంగీకరింపలేదు. డెరిక్ గార్డ్‌నర్ అను నిపుణునిచే రహస్యముగా సొంత కారును తయారు చేయించెను. 1971లో ఆ నీలవర్ణపు కారుతో స్టువర్టు పదునొకండు పందెములలో ఆరింటిని గెలిచి, రెండవసారి విజేత యయ్యెను. కారు నిర్మాతల కిచ్చు బహుమానమును టిరెల్ జట్టునకే దక్కెను.

1973లో స్టువర్టు మూడవసారి విజేత యయ్యెను. ఆ యేటి తుదిని పందెములు విరమింపవలెనని యాతడు ముందే నిశ్చయించుకొని యుండెను. అతని పిమ్మట జట్టునకు ముఖ్య చోదకుడు కావలసినవాడు ఫ్రెంచి యువకుడగు ఫ్రాన్స్వా సెవేర్. స్టువర్టు తన విద్యను దాచుకొనక అతనికి నేర్పెను. ఆ యేటి చివరి పందెము అమెరికాలోని వాట్‌కిన్స్ గ్లెన్ అను చోట జరుగవలసి యుండెను. అక్టోబరు 6వ తేదీన, పందెమునకు ముందటి పరుగులలో, సెవేర్ కారు బాట ప్రక్కనున్న ఇనుప కంచెను ఢీకొనెను. ఆ యువకుడు అచ్చటనే మరణించెను. అతని వయస్సు 29 యేండ్లు. రెండేండ్ల క్రిందట అతడు తన యేకైక విజయమును పొందినది ఆ బాటమీదనే. టిరెల్ జట్టు ఆ పందెమునుండి వైదొలగెను. అది స్టువర్టునకు నూరవ పందెము కావలసినది. కాని అతడు మరల పందెపు కారెక్కలేదు. బాటల ప్రక్క తగిన కంచెలును, వైద్య సహాయమును, చోదకులకు నడికట్లును ఉండవలెనని అతడు అనేక సంవత్సరములు పోరాడియుండెను. ఆ పోరాట మెంత న్యాయమైనదో మిత్రుని మరణమే చాటెను. ఇట్లు జట్టు తన నాటి నాయకుని, రేపటి నాయకుని ఒక్కమారే కోల్పోయెను.

అయినను టిరెల్ చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1976లో అతని జట్టు ఆరు చక్రముల కారును పందెమునకు తెచ్చెను. వెనుక రెండు పెద్ద చక్రములు, ముందు నాలుగు చిన్న చక్రములు. చక్రములు చిన్నవగుటచే గాలి యడ్డగింపు తగ్గును; నాలు గుండుటచే నేలను గట్టిగా పట్టును. ఆ యేడు జూను 13వ తేదీన స్వీడన్ పందెమున జోడీ షెక్టర్ ప్రథముడుగను, పాట్రిక్ దెపాయే ద్వితీయుడుగను వచ్చిరి. లోక మాశ్చర్యపడెను. కాని యట్టి చిన్న టైర్లు వాడు జట్టు వేరొకటి లేదు. అందరు వాడు పెద్ద టైర్లు మెరుగుపడిన వేగముతో ఇవి మెరుగుపడలేదు. 1977తో ఆ కారు మూలబడెను.

ఆ సంవత్సరమే రెనో కంపెనీ టర్బో యంత్రమును పందెములకు తెచ్చెను. దానిలో కాలిన వాయువులు వృథాగా పోక ఒక చిన్న చక్రమును త్రిప్పును. ఆ చక్రబలమున యంత్రములోనికి గాలి యధికముగా నెట్టబడును. గాలి పెరిగినకొలది ఇంధన మెక్కువగా మండి శక్తి పెరుగును. కావున ఒకటిన్నర లీటరు యంత్రము మూడు లీటర్ల యంత్రమును మించెను. కాని యట్టి యంత్రములకు అపారమైన ధనము వలయును. అవి కోరినవారి కెల్ల దొరకవు. ఏ సదుపాయము వలన కలప వర్తకుడు మహాకంపెనీలతో సరితూగెనో, ఆ సదుపాయమే తొలగిపోయెను.

మచిలీపట్నపు రేవు చరిత్రమును ఇట్టిదే. 1611లో ఇంగ్లీషువారు అచ్చట వర్తకస్థానము నెలకొల్పిరి. కలంకారీ వస్త్రములు దూరదేశముల కేగెను. పిదప ఓడలు పెద్దవయ్యెను. తీరమున నీటి లోతు చాలక అవి దూరముననే లంగరు వేయవలసివచ్చెను. 1864 నవంబరు 1వ తేదీ నాటి ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. పట్టణము కోలుకొనెను గాని పూర్వవైభవము రాలేదు. బందరు నావికులు నేర్పు మరచిరా? లేదు, కాలము మారెను.

1983 జూను 5వ తేదీన అమెరికాలోని డెట్రాయిట్ పందెమును మిచేల్ అల్బొరేటో టిరెల్ కారుతో గెలిచెను. పాత కాస్‌వర్త్ యంత్ర కుటుంబమునకు అది 155వ విజయము, కడపటి విజయము. టిరెల్ జట్టునకును అదియే కడపటి విజయము. 1984లో కారులోని నీటితో సీసపు గుండ్లు చేర్చి నియమములను మీరిరను ఆరోపణపై జట్టు ఫలితము లన్నియు కొట్టివేయబడెను. అది న్యాయము కాదని టిరెల్ వాదించెను గాని ఫలింపలేదు. 1990లో ముక్కు భాగము ఎత్తుగా నుండు క్రొత్త కారును ఆ జట్టు నిర్మింపగా, పిదప ఇతరులును ఆ పద్ధతినే యనుసరించిరి. దానిని నడిపి మోనాకోలో ద్వితీయస్థానము పొందిన జాన్ అలేసీ మరుసటి యేట ఫెరారి జట్టునకు పోయెను. నేర్పు పుట్టుచునే యుండెను. నిలుపుకొను ధనము లేకుండెను.

1997 చివర టిరెల్ తన జట్టును ఒక పొగాకు కంపెనీకి విక్రయించెను. చోదకుని యెంపికలో క్రొత్త యజమానులతో అభిప్రాయభేదము కలుగగా, 1998 పందెములు ప్రారంభము కాకమున్నే ఆ వృద్ధుడు తాను పెంచిన జట్టును విడిచెను. ఆ యేడు జట్టునకు ఒక్క పాయింటైనను రాలేదు. అంతటితో టిరెల్ పేరు పందెములనుండి తొలగెను. 2001లో ఆయన మరణించెను. సొంత కార్లతో అతని జట్టు గెలిచిన పందెములు 23.

కృష్ణానది పులిగడ్డవద్ద రెండు పాయలై, దివిసీమను చుట్టి సముద్రమున కలియును. నది చీలినను నీరు నశింపదు; పొలములను తడుపుచునే పోవును. టిరెల్ జట్టు స్థానమును కొన్నవారు 1999లో వేరు పేరుతో పందెములలో ప్రవేశించిరి. 2006లో అది హోండా యయ్యెను. 2009లో బ్రాన్ అను పేరుతో విజేత యయ్యెను. 2010లో మెర్సిడెస్ యయ్యెను. 2014 మొదలు 2021 వరకు వరుసగా ఎనిమిది సంవత్సరములు నిర్మాతల బహుమానము మెర్సిడెస్ జట్టునకే లభించెను. ఆ వైభవమునకు మూలము కలప కొట్టమని తలచువారు కొలదిమంది. కొలదిమందికి తెలిసినను సత్యము సత్యమే. ఓడినవాని దోష మేమని యడుగుటకు ముందు, అత డే బలముతో ఎవరి నెదుర్కొనెనో విచారించుట వివేకుల లక్షణము.